‘ఎఫ్’ పలకని తాళంచెవి

ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఇరవై ఆరేళ్ళుగా కట్టుడు పళ్ళు చేయడమే ఆయన పని. మెట్ల పక్కనుంచి లోపలికి వెళ్తే ఒక పొడవాటి గది వస్తుంది. అందులో పొడవాటి బల్ల, బల్ల మీద సుద్ద అచ్చులు, మైనం కరిగించే చిన్న దీపం, చిగుళ్ళ రంగు పొడి డబ్బాలు, దవడలాగే తెరుచుకుని మూసుకునే ఇత్తడి బిగింపులు. కొత్తవాళ్ళెవరైనా లోపలికి అడుగుపెడితే నలువైపులనుంచీ పళ్ళు ఇకిలిస్తూ పలకరిస్తాయి. బల్లకి ఒక చివర మేస్త్రి కూర్చుంటాడు. రెండో చివర ఫోనూ అపాయింట్‌మెంట్ల పుస్తకమూ పెట్టుకుని ఆయన భార్య కూర్చుంటుంది. పళ్ళ సంగతి ఆయనది, మనుషుల సంగతి ఆవిడది. ఆ పంపకం వాళ్ళ పెళ్ళయిన కొత్తలోనే జరిగిపోయింది.

మేస్త్రి చేతిపని మంచిదే. కాకపోతే దాని మీద ఆయనకున్న నమ్మకం ఇంకా మంచిది. తను కట్టిన పళ్ళు తిరిగి రావడమన్నది లేదని చెప్పుకునేవాడు. నిజానికి అప్పుడప్పుడూ వచ్చేవి. వాటిని వెనక్కి తిప్పి పంపేవాడు. “పళ్ళు బాగానే ఉన్నాయి. మీ నోరే ఇంకా అలవాటు పడలేదు” అనేవాడు. ఎదుటివాడు తన నోటిని తానే తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఉదయం ఆయన బావమరిది ఊడిపడ్డాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళకి ధైర్యం కోసం కబుర్లు చెప్పీ, వాళ్ళు చెప్పింది వినీ, లోకంలో తనకి తెలియని విషయం లేదన్న స్థితికి చేరుకున్నాడు. వస్తూనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“బావా, ఆ కంప్యూటర్ నాణేల ధర చూశావా? ఆకాశంలో ఉంది! ఆ ట్రంపెట్ ఆయన నీకిచ్చినవి ఉన్నాయా, పారేశావా?”

మేస్త్రి చేతిలో మైనం కత్తి ఆగిపోయింది. ఆ సంగతే మరిచిపోయాడు.

ఆరేళ్ళ కిందట ఒక ట్రంపెట్ వాద్యగాడు పై వరుస పళ్ళు మొత్తం కట్టించుకున్నాడు. డబ్బు ఇవ్వాల్సిన రోజున, నగదు లేదు, కంప్యూటర్ నాణేలు ఇస్తానన్నాడు. “ఇవి చేత్తో పట్టుకునేవి కావు మేస్త్రీ. వీటికో రహస్య తాళంచెవి ఉంటుంది, అరవై నాలుగు గుర్తులు. అది ఎవరి దగ్గరుంటే నాణేలు వాళ్ళవే” అన్నాడు. అని, కొత్త పళ్ళు నోట్లో ఉండగానే ఆ గుర్తులు ఒక్కొక్కటే చదివాడు. మేస్త్రి ఒక చీటీ వెనకవైపు రాసుకున్నాడు. రాసుకుని, అరిగిపోయిన బ్రష్షుల డబ్బాలో పడేశాడు. ఆవేళ ఆయన ధ్యాసంతా ఆ పళ్ళ మెరుపు మీదే ఉంది.

డబ్బా బోర్లిస్తే చీటీ దొరికింది.

“ముందు ఇది పనిచేస్తుందో లేదో చూసుకోవాలి” అన్నాడు బావమరిది. “దానికో వెబ్‌సైటు ఉంది. అందులో తాళంచెవి గుర్తులు కొడితే సరైందో కాదో చెప్పేస్తుంది. నా నాణేలది పోయిన వారమే చూసుకున్నాను. టక్కున పచ్చ టిక్కు వచ్చింది. పైసా ఖర్చు లేదు.”

“మీ అక్క సుద్ద కొనడానికి వెళ్ళింది. వచ్చాక చూద్దాం.”

“అక్క వచ్చేసరికి లెక్క తేల్చి చెప్పామనుకో, ఆశ్చర్యపోదూ?”

ఆ మాటకి మేస్త్రి మెత్తబడ్డాడు. పెళ్ళాన్ని ఆశ్చర్యపరిచి చాలా ఏళ్ళయింది.

వెబ్‌సైటు మేస్త్రి సెల్‌ఫోనులో తెరిచారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పైన పెద్ద తాళం బొమ్మ, దాని కింద ‘వంద శాతం భద్రం. మీ తాళాన్ని మేం చూడనే చూడం’ అని ఉంది.

“చూడకుండా సరైందో కాదో ఎలా చెప్తారు?” అన్నాడు మేస్త్రి.

“అదే కదా బావా టెక్నాలజీ!”

ఇక సందేహించడానికి ఏముంది? మేస్త్రి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు అడిగిన చోటల్లా నింపాడు. తర్వాత ఒంటి వేలితో అరవై నాలుగు గుర్తులూ కొట్టాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి: ‘తప్పు. ఇందులో ఉండకూడని అక్షరం ఉంది.’

“ఆ ఎస్‌లు ఎస్‌లు కావేమో” అన్నాడు బావమరిది, చీటీని వెలుతురుకి పట్టి. “అయిదులై ఉంటాయి. నీ రాత అలా ఏడ్చింది.”

అయిదులు పెట్టి కొట్టారు. ‘ఈ తాళంతో ఎన్నడూ ఏ నాణేల పెట్టే తెరుచుకోలేదు’ అని వచ్చింది. ఎనిమిదులు పెట్టి చూశారు. అదే మాట. ఒకచోట అయిదు, ఒకచోట ఎనిమిది పెట్టారు. అదే మాట. ఇద్దరూ చీటీని చెరో వైపు లాగి వాదించుకుంటూ ఉండగా ఫోను మోగింది. అవతల ఎవరో ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“నమస్తే సార్. మీరు మా వెబ్‌సైటులో ఇబ్బంది పడుతున్నారని గమనించాం. నేను సహాయ నిపుణుణ్ణి.”

“చూశావా సర్వీసు!” అన్నాడు బావమరిది, స్పీకరు నొక్కుతూ.

నిపుణుడు కోరగానే చీటీ ఫోటో తీసి పంపారు. అతను కాసేపు చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

“సార్, ఇందులో నాలుగు చోట్ల ఎస్ రాశారు. తాళంలో ఎస్ ఉండదు సార్. అంకెలు కాక అక్షరాలు ఆరే ఉంటాయి. ఏ, బీ, సీ, డీ, ఈ, ఎస్. అంతే.”

మేస్త్రి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఎస్ ఉండదంటారు, మళ్ళీ ఎస్ ఉంటుందంటారు?”

“ఎస్ ఉండదు సార్. ఎస్ ఉంటుంది.”

“మీరు ఉండదన్నది ఏ ఎస్?”

“సబ్బులో ఎస్ ఉండదు సార్. సోనులో ఎస్ ఉంటుంది.”

“సోను ఎవరు?” అన్నాడు బావమరిది.

“ఎవరూ కాదండీ, సోను! ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది సోనులోనే కదా!”

మేస్త్రి ముఖం మారిపోయింది. నాణేలు, తాళం అన్నీ మరిచిపోయి ఫోను మీదికి వంగాడు. అచ్చు తీసేటప్పుడు ఎలా వంగుతాడో అలా.

“బాబూ, ఒక్కసారి ‘ఫలహారం’ అను.”

“ఎందుకు సార్?”

“అనూ.”

“సలహారం.”

“నీకు పైన ముందు పళ్ళు లేవు కదూ?”

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

“మీకెలా తెలిసింది సార్?”

“ఎన్ని పోయాయి?”

“రెండు సార్. బండి మీదనుంచి పడ్డాను. మూడు నెలలవుతోంది.”

“మూడు నెలలు అలా వదిలేస్తారా? పక్క పళ్ళు ఖాళీలోకి ఒరిగిపోవూ? అన్నం ఎలా తింటున్నావు?”

“పక్కనుంచి సార్.” అతని గొంతు కాస్త జాలిగా అయింది. వెంటనే సర్దుకుని, “అది తర్వాత చూద్దాం సార్. ముందు తాళం సంగతి” అన్నాడు.

మేస్త్రికి హుషారు వచ్చింది. బావమరిదికి పాఠం మొదలుపెట్టాడు. “చూడు బామ్మర్దీ, ‘ఫ’ అనాలంటే పై ముందు పళ్ళ అంచు కింది పెదవికి తగలాలి. పళ్ళు లేకపోయినా, ఉండీ వెంట్రుకవాసి పొట్టివైనా గాలి జారిపోయి ‘స’ అని ఈల వేస్తుంది. అందుకే ‘ఎఫ్’ అందామనుకుంటే ‘ఎస్’ అని…”

అక్కడ ఆగిపోయాడు. చీటీ వంక చూశాడు. బావమరిది కూడా చూశాడు.

“అయితే బావా,” అన్నాడు బావమరిది నెమ్మదిగా, “ఆ ట్రంపెట్ ఆయన కూడా ఎఫ్ అనబోయి…”

“ఆయనకి పళ్ళున్నాయి.”

“ఉన్నాయి. నువ్వు కట్టినవి.”

“నోరు ముయ్యి.”

బావమరిది నోరు మూసుకున్నాడు గానీ నవ్వు మూసుకోలేకపోయాడు. మేస్త్రి లేచి గదిలో ఆ చివరకీ ఈ చివరకీ రెండుసార్లు తిరిగాడు. గోడ మీద పళ్ళన్నీ ఆయన్నే చూస్తున్నట్టున్నాయి. ఆరేళ్ళ కిందట, తను కట్టిన పళ్ళు పెట్టుకున్న వారానికి ట్రంపెట్ ఆయన రెండుసార్లు ఫోను చేశాడు. “మేస్త్రీ, సోటో అంటున్నాను, సీజు అంటున్నాను, నలుగురూ నవ్వుతున్నారు” అన్నాడు. “మీ నోరింకా అలవాటు పడలేదు” అన్నాడు తను. ఇప్పుడు ఒప్పుకోకపోతే నాణేలు పోతాయి. ఒప్పుకుంటే ఇరవై ఆరేళ్ళ పరువు పోతుంది. అందులోనూ లిఫ్టు బాగుచేసేవాడి ముందు!

చివరికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

“బాబూ, ఆ నాలుగూ ఎఫ్‌లే. నేను ముందు పళ్ళు పొట్టిగా పెట్టాను. తప్పు నాదే.”

“పోనీలెండి సార్” అన్నాడు నిపుణుడు, సొంత కొడుకులా. “ఎవరికైనా జరుగుతుంది. మీరు బాధపడకండి. గబగబా ఆ నాలుగూ మార్చి కొట్టేయండి.”

తను మొదటిసారి పొరపాటు ఒప్పుకున్నది ఇంత మంచివాడి దగ్గరైనందుకు మేస్త్రి గుండె తేలికపడింది. అతనికి రెండు పళ్ళు ఉచితంగా కట్టిపెట్టాలని అక్కడికక్కడే మనసులో అనుకున్నాడు. నాలుగు ఎఫ్‌లూ పెట్టి కొట్టాడు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య సుద్ద సంచి ఎత్తుకుని వచ్చింది. ఇద్దరు మగాళ్ళూ ఒక ఫోనుకి మొక్కుతున్నట్టు వంగి ఉండడం చూసి సంచి దింపింది.

“ఏమైంది? ఎవరికైనా బాగాలేదా?”

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. నాణేలు, ధర, తాళం, వెబ్‌సైటు, ఎస్‌లు, ఎఫ్‌లు. పళ్ళు పొట్టి అన్న ముక్కని మేస్త్రి దాటవేశాడు, బావమరిది అందించాడు. ఆవిడ అంతా విని నీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

“ఆ తాళం ఎవరి దగ్గరుంటే నాణేలు వాళ్ళవి అన్నాడు కదా ఆ ట్రంపెట్ ఆయన?”

“అవును.”

“దాన్ని ఇప్పుడు ఎవరికిచ్చారు?”

“ఎవరికీ ఇవ్వలేదే. వెబ్‌సైటులో కొట్టాను.”

“వెబ్‌సైటంటే ఎవరు?”

మేస్త్రి జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. అది తెరిచినట్టే ఉండిపోయింది, బల్ల మీది ఇత్తడి బిగింపుల్లాగే. స్పీకరులోనుంచి చిన్న దగ్గు వినిపించింది.

“మేడం, మేం తాళాన్ని చూడం మేడం. మా వెబ్‌సైటులో రాసే ఉంది.”

ఆవిడ తన చివరనున్న ల్యాండ్‌లైను ఫోను అందుకుని కూతురికి చేసింది. కూతురు వేరే ఊళ్ళో కంప్యూటర్లు నేర్పుతుంది. నాలుగు మాటలు వినగానే ఆ పిల్ల అరిచిన అరుపుకి ఆవిడ రిసీవరుని చెవికి జానెడు దూరం పెట్టింది. అందువల్ల గదిలో అందరికీ వినిపించింది.

“నాన్నా! అది సరిచూసే వెబ్‌సైటు కాదు, దొంగలది! నువ్వు కొట్టిన ప్రతి అక్షరం వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. బీరువా తాళంచెవి సరిపోతుందో లేదో చూసిపెట్టమని దొంగని ఇంటికి పిలిచి, నువ్వు వసారాలో కూర్చున్నట్టుంది! మంచివాళ్ళెవరూ ఆ తాళం అడగరు నాన్నా. అడిగారంటేనే దొంగలని లెక్క. ఒకసారి నాణేలు తీసేసుకుంటే ఇక ఏ బ్యాంకూ వెనక్కి ఇప్పించదు!”

“కానీ అతను ఎంతో మర్యాదగా…” అన్నాడు మేస్త్రి.

బావమరిది ముఖం సుద్దకంటే తెల్లబడింది. “అమ్మడూ, మరి పచ్చ టిక్కు వస్తే?”

“ఎవరికొచ్చింది మావయ్యా?”

బావమరిది గబుక్కున తన ఫోను తెరిచి తన నాణేల లెక్క చూసుకున్నాడు. సున్నా. రెండేళ్ళ ఓవర్‌టైము డబ్బు పోయిన మంగళవారమే, పచ్చ టిక్కు వచ్చిన పావుగంటకి, వెళ్ళిపోయింది. వారం రోజులుగా అతను అది చూసుకోనేలేదు. సరైందని తేలాక మళ్ళీ చూడ్డమెందుకు అనుకున్నాడు. స్టూలు మీద కూర్చున్న మనిషి అలాగే నేలమీదికి జారాడు. అక్క వెళ్ళి అతని పక్కన చతికిలబడి వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు స్పీకరు బద్దలయ్యేలా ఒక కేక వినిపించింది.

“సార్! ఇందులో ఏం లేదు సార్!”

అందరూ ఆ నిపుణుణ్ణి మరిచిపోయారు. అతనింకా లైన్లోనే ఉన్నాడు.

“తాళం సరైందే! పెట్టె తెరుచుకుంది! నాణేలు ఆరేళ్ళ కిందట వచ్చాయి, తొమ్మిదో రోజున ఎవరో తీసేసుకున్నారు! పొద్దున్నుంచి మీతో గొంతు చించుకున్నాను. ఇలా మనుషుల్ని మోసం చేయొచ్చా సార్?”

“లేదు బాబూ, నాకు నిజంగా తెలీదు…” అని మేస్త్రి క్షమాపణ చెప్పబోయాడు. భార్య నేలమీదినుంచే చెయ్యి చాచి ఆ ఫోను లాక్కుంది.

“ఏం నాయనా, మా తమ్ముడి డబ్బు తిన్నది నువ్వేనా? ఏ రెండు పళ్ళతో తిన్నావు? ఉన్నవాటితోనా, ఊడినవాటితోనా?”

ఫోను కట్టయింది.

అయితే ఆ నాణేలు ఎటు పోయినట్టు? మేస్త్రి నంబరు వెతికి ట్రంపెట్ ఆయనకి ఫోను చేశాడు. ఆయన దాచలేదు.

“ఓ, అవా! నేనే తీసేసుకున్నాను మేస్త్రీ. తాళం నా దగ్గరా ఉంది కదా, మీకు చదివి చెప్పింది నేనే కదా. మీరు వెంటనే సొంత తాళానికి మార్చుకుంటారనుకున్నాను, మార్చుకోలేదు. పళ్ళేమో సరిగా కుదరలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను. నోరు అలవాటు పడలేదన్నారు. ఇక నాకూ కోపం వచ్చింది. తప్పయితే ఫలానా తప్పని చెప్పండి.”

మేస్త్రి చెవిలో ఆయన కోపం పడలేదు. నాణేల మాటా పడలేదు. ‘ఫోన్’, ‘ఫలానా’ అన్న రెండు మాటలే గంట కొట్టినట్టు పడ్డాయి. ‘ఫ’ ఎంత స్వచ్ఛంగా పలికింది!

“ఎవరు కట్టారు?” అన్నాడు.

“ఏమిటీ?”

“ఆ పళ్ళు. ఎవరు కట్టారు?”

ట్రంపెట్ ఆయన ఊరి చివర ఉన్న మరో పనివాడి సంగతి చెప్పాడు. మేస్త్రి ఫోను పెట్టేసి చాలాసేపు మైనం కత్తిని బల్లకేసి గీస్తూ కూర్చున్నాడు. భార్య టీ తెచ్చి పక్కన పెట్టింది. “నాణేల గురించి బెంగ పెట్టుకోకండి” అంది. ఆయన తలెత్తి, “ఏ నాణేలు?” అన్నాడు.

మర్నాడు కూతురు సెలవు పెట్టి వచ్చింది. నాన్న ఫోనూ, మావయ్య ఫోనూ ముందేసుకుని పాస్‌వర్డులన్నీ మార్చింది. పోలీసులకి ఫిర్యాదు రాయించింది. బావమరిది డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ లేదని అక్కడి ఉద్యోగి ముందే చెప్పేశాడు, పైగా తన బంధువొకాయన కూడా అదే పచ్చ టిక్కు చూసి మురిసిపోయాడని చెప్పి ఓదార్చాడు. బావమరిది నెలరోజులపాటు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడలేదు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు గానీ, ఇప్పుడు ఒకే విషయం చెప్తాడు: తాళం ఎక్కడా కొట్టొద్దని. పైకి లాగేదాకా వాళ్ళు వినక తప్పదు.

మేస్త్రి మాత్రం ఒక పని చేశాడు. అపాయింట్‌మెంట్ల పుస్తకం వెనక్కి తిప్పి, నోరు అలవాటు పడలేదని తను పంపించేసినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిపించాడు. కొందరు తిట్టారు. ఒక ముసలావిడ ఆ పళ్ళని ఎప్పుడో పెరట్లో పాతిపెట్టానంది. పదకొండు మంది వచ్చారు. అందరి చేతా ‘ఫలహారం’ అనిపించి, నలుగురివి విరగ్గొట్టి మళ్ళీ కట్టాడు.

ఇక ఆ వెబ్‌సైటులో ఇచ్చిన ఫోను నంబరు ఎన్ని చేతులు మారిందో గానీ, రోజుకి పది పన్నెండు ఫోన్లు రావడం మొదలైంది. లాటరీ తగిలిందంటారు, పార్సిలు ఆగిందంటారు, తాళం చెప్తే పోయిన నాణేలు రాబడతామంటారు. నంబరు మార్చేద్దామంటే పాత రోగులందరి దగ్గరా అదే ఉంది. దాంతో ఆయన భార్య ఆ ఫోనుని తన చివరకి తెచ్చుకుంది.

ఎవరు చేసినా ఆవిడది ఒకటే ప్రశ్న. “పై వరుసా, కింది వరుసా?”

“మేడం, మేం బ్యాంకునుంచి…”

“సరే, బ్యాంకునుంచి. పై వరుసా, కింది వరుసా?”

చాలామంది అక్కడే పెట్టేస్తారు. పట్టుదల ఉన్నవాళ్ళని వయసు, షుగరు, ఎన్ని పళ్ళు కదులుతున్నాయి అని పావుగంట అడిగి, ‘లైన్లో ఉండండి’ అని చెప్పి కూరగాయలకి వెళ్తుంది. పోయిన వారం ఒకడు లాటరీ గురించి మొదలుపెట్టి, మధ్యలో ఆగి, గొంతు తగ్గించి వాళ్ళమ్మకి నిజంగానే కింది వరుస కావాలనీ, ఎంతవుతుందనీ అడిగాడు. ఆవిడ అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచింది.

“కొలతలు ఫోనులో తీయం నాయనా. అమ్మని తీసుకురా. లోపలికి వచ్చేటప్పుడు నీ ఫోను బయట పెట్టి రా” అని చెప్పి, గురువారం పదకొండు గంటల ఎదురుగా ‘లాటరీవాళ్ళ అమ్మ’ అని రాసుకుంది.